సైకిల్ని గల్లీకి అప్పగించండి

సైకిల్ పోకుండా ఉండాలంటే ఏం చేయాలో ఎవరినడిగినా చెబుతారు. గట్టి తాళం కొనమంటారు, లోపల దాచమంటారు, ఎవరికీ ఇవ్వొద్దంటారు, కెమెరా పెట్టించమంటారు, వాచ్‌మన్‌ను గట్టిగా అడగమంటారు. నేను చెప్పబోయేవి దాదాపు అన్నీ వీటికి అడ్డం తిరిగే మాటలే. మా అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో ఇవే చెబితే పై అంతస్తు పెద్దాయన ఒకరు “ఏమ్మా, నువ్వు మా పక్కా, దొంగల పక్కా?” అని కోప్పడ్డారు. ఆయన మనవడి సైకిల్ అప్పుడే పోయింది. ఆ కోపం నాకు అర్థమైంది.

అయినా నా మాట మార్చుకోలేదు. హైదరాబాద్‌లో విద్యానగర్, నల్లకుంట, అడిక్‌మెట్ వైపు పాత గల్లీల్లో ఏళ్ళ తరబడి ఉంటున్నదాన్ని. సైకిళ్ళు పోవడం చూశాను, పోయినవాటిలో కొన్ని తిరిగి రావడమూ చూశాను. తిరిగొచ్చినవన్నీ “అరే, ఇది ఫలానా వాళ్ళది కదా” అని ఎవరో ఒకరు గుర్తుపట్టడం వల్లే వచ్చాయి. నేను చెప్పే ప్రతి సలహా వెనకా ఉన్నది ఆ ఒక్క సంగతే. మీ సైకిల్ మీదని ఎంతమందికి తెలిస్తే అది అంత భద్రం.

తాళానికి పెట్టే డబ్బులో సగం రంగుకు పెట్టండి

తాళం వేయొద్దని నేననను. మన తాళాలు ఏ పని చేస్తాయో, ఏ పని చేయవో మాత్రం తెలుసుకోవాలి. పాత సైకిళ్ళకు వెనక చక్రం దగ్గరుండే గుండ్రటి తాళం చక్రాన్ని తిరగనివ్వదు, అంతే. సైకిల్ని ఎత్తి ఆటోలో వేసుకుపోయేవాణ్ణి అది ఆపలేదు. పిల్లల సైకిళ్ళకు చుట్టే ప్లాస్టిక్ తొడుగు కేబుల్ తాళం చిన్న కట్టర్‌కే తెగిపోతుంది. చవకరకం నంబర్ తాళాలు నంబర్ తెలియకపోయినా తెరుచుకుంటాయి. మందపాటి కడ్డీతో చేసిన యు తాళం గట్టిదే గానీ, దాన్ని వేయడానికి గోడకో నేలకో బిగించిన కొక్కెం ఉండాలి. మన సెల్లార్లలో కార్లకు తెల్లగీతలు గీసి ఫ్లాట్ నంబర్లు రాసి ఉంటాయి. సైకిల్ని కట్టేసుకోవడానికి ఒక్క కొక్కెం ఉండదు. స్తంభాలేమో ఆ తాళం పట్టనంత లావు. దాంతో సైకిల్ని సైకిల్‌కే తాళం వేసి పైకి వెళ్ళిపోతాం.

ఇప్పుడు పాతకాలం అద్దె సైకిళ్ళ షాపును గుర్తు తెచ్చుకోండి. అప్పట్లో ప్రతి పేటలోనూ ఒకటుండేది. షాపాయన పుస్తకంలో పేరూ టైమూ రాసుకుని, గంటకింతని లెక్కగట్టి సైకిల్ ఇచ్చేవాడు. అది ఊరంతా తిరిగేది. సినిమా హాలు దగ్గరా, కూరగాయల మార్కెట్ దగ్గరా, హాస్టల్ గోడ పక్కనా గంటల తరబడి నిలబడేది. దానికుండే తాళం నామమాత్రం. అయినా ఆయన వ్యాపారం మునగలేదు. ఎందుకంటే వెనక మడ్‌గార్డ్ మీదా, చెయిన్ కవర్ మీదా షాపు పేరూ సైకిల్ నంబరూ పెద్ద అక్షరాల్లో రాయించేవాడు. వీధి ఆ చివర నుంచే అది ఎవరి సైకిలో తెలిసిపోయేది. అలాంటి సైకిల్ని ఎత్తుకుపోయి ఎక్కడ తొక్కాలి, ఎవరికి అమ్మాలి? ఇంకో జాగ్రత్త కూడా ఉండేది. ముఖం తెలియనివాడికి సైకిల్ ఇచ్చేవాడు కాదు, తెలిసినవాళ్ళు ఎవరైనా మాటిస్తేనే ఇచ్చేవాడు. రంగునూ పరిచయాన్నీ నమ్ముకుని ఆ షాపులు ఎన్నో ఏళ్ళు నడిచాయి.

మున్సిపాలిటీలు సైకిల్ పన్ను తీసుకుని బిళ్ళ ఇచ్చిన రోజులు పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. అప్పుడు సైకిల్‌కు ఒక గుర్తింపు ఉండేది. ఇప్పుడు స్కూటర్‌కూ ఆటోకూ నంబరుంది, సైకిల్‌కు లేదు. జపాన్‌లో 1994 నుంచి ప్రతి సైకిల్‌నూ దొంగతనాల నివారణ కోసం రిజిస్టర్ చేయించడం తప్పనిసరి. ఫ్రేము మీద నంబరున్న స్టిక్కర్ అంటిస్తారు. మన దగ్గర అలాంటిది లేదు కాబట్టి ఆ పని మనమే చేసుకోవాలి.

అందుకే కొత్త సైకిల్ని కొత్తగా ఉంచకండి. కొన్న వారంలోనే బోర్డులు రాసే పెయింటర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఫ్లెక్సీలు వచ్చాక వాళ్ళకు పని తగ్గింది, సంతోషంగా రాసిపెడతారు. మధ్య గొట్టానికి రెండు వైపులా ఇంటిపేరు, మడ్‌గార్డ్ మీద గల్లీ పేరు. ఇంకెవరూ వేయించుకోని రంగు ఎంచుకోండి. పిల్లలు ఒప్పుకోరు, సిగ్గుపడతారు. అలాంటప్పుడు రంగు డబ్బా, బ్రష్షు వాళ్ళ చేతికే ఇవ్వండి. తన చేత్తో పులిచారలు వేసుకున్న పిల్లాడు ఆ సైకిల్ని ఏ గుంపులోనైనా గుర్తుపడతాడు, వాడి స్నేహితులూ గుర్తుపడతారు. ఆంధ్రప్రదేశ్‌లో బడికొస్తా పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చారు. ఒకే రకం సైకిళ్ళు ఒకే స్టాండులో వరసగా నిలబెట్టినప్పుడు దొంగ రాకపోయినా ఒకరిది ఒకరు తీసుకెళ్ళిపోతారు. అక్కడ రంగు ఇంకా అవసరం.

రంగు సైకిల్ అమ్మకపు విలువను తగ్గిస్తుంది, నిజమే. రేపు మీరు అమ్మాలన్నా ధర తగ్గుతుంది. ఆ నష్టాన్ని ఒప్పుకోండి. దొంగకు కూడా ధర తగ్గాలన్నదే మన ఉద్దేశం.

రంగు కనపడేది. కనపడనిది ఇంకొకటి చేయండి. పెడళ్ళ దగ్గర ఫ్రేము అడుగునో, సీటు కింది గొట్టం మీదో గుద్దిన నంబరు ఉంటుంది. దాన్ని ఫోటో తీసి, కొన్న బిల్లుతో కలిపి దాచండి. సీటు గొట్టాన్ని పైకి లాగి, మీ పేరూ ఫోన్ నంబరూ రాసిన కాగితాన్ని పాలిథిన్‌లో చుట్టి లోపల వేయండి. పైరంగు మార్చినా లోపలి కాగితం మిగులుతుంది.

దాచకండి

సెల్లార్‌లో జనరేటర్ వెనక, మెట్ల కింద, వాటర్ ట్యాంక్ పక్కన ఉండే చీకటి మూల భద్రమైనదని మనం అనుకుంటాం. అక్కడ మీకు సైకిల్ కనపడదు, వాచ్‌మన్‌కు కనపడదు, వచ్చిపోయేవాళ్ళకు కనపడదు. తాళం కోసేవాడూ కనపడడు. నిజానికి అతనికి అంతకన్నా మంచి చోటు మనం ఏర్పాటు చేయలేం.

పగలంతా సైకిల్ని నలుగురి కళ్ళెదుట పెట్టండి. కిరాణా కొట్టు ముందు, ఇస్త్రీ బండి పక్కన, టిఫిన్ సెంటర్ ఎదురుగా. అయితే అడిగి పెట్టండి. “అన్నా, ఈ సైకిల్ మాదే, కాస్త చూస్తుండు” అనే ఒక్క మాట చెప్పాలి. చెప్పకుండా పెడితే అది ఎవరిదో తెలియని సైకిల్ అవుతుంది, ఎవరు తీసుకెళ్ళినా అడగరు. చెప్పి పెడితే ఆ ఇస్త్రీ అతను రోజంతా ఇంట్లోవాళ్ళకన్నా ఎక్కువసేపు దాన్ని చూస్తాడు. ఆయనకు గల్లీలో ఎవరి చొక్కా ఎవరిదో తెలుసు, ఎవరి సైకిల్ ఎవరిదో కూడా తెలుసు.

ఒక గల్లీలో ఏ సమయానికి ఎవరుంటారో మీకు తెలియాలి. తెల్లవారకముందే పాల ప్యాకెట్ల వాళ్ళు, పేపర్ కుర్రాళ్ళు వస్తారు. వాళ్ళలో చాలామంది వచ్చేదే సైకిల్ మీద. ఆ తర్వాత చీపుర్లతో జీహెచ్ఎంసీ పారిశుధ్య కార్మికులు. ఏడింటికి టిఫిన్ బండి, స్కూలు ఆటోలు. పదింటి నుంచి కూరగాయల బండ్లు. ఇక్కడివరకూ కళ్ళకు కొదవలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ముఖ్యంగా ఎండాకాలంలో, రెండు మూడు గంటలపాటు గల్లీ ఖాళీ. బండ్లు ఉండవు, బాల్కనీ తలుపులు మూసుంటాయి, వాచ్‌మన్ కుటుంబం నడుం వాలుస్తుంది. మనం రాత్రి గురించి భయపడతాం గానీ, రాత్రిపూట గేటు వేసి ఉంటుంది, సైకిల్ తోసుకుపోయేవాణ్ణి కుక్కలు వదలవు. పట్టపగలు రెండింటికి సైకిల్ తోసుకుంటూ వెళ్ళే మనిషిని ఎవరూ ఆపరు. ఆ వేళకు సైకిల్ ఎక్కడుందో చూసుకోండి. రాత్రికి లోపల పెట్టండి, మధ్యాహ్నానికి మనిషి ముందు పెట్టండి.

అడిగినవాళ్ళకు ఇవ్వండి

నా సలహాల్లో జనం ఎక్కువగా కాదనేది ఇదే. నేను ఎక్కువగా నమ్మేదీ ఇదే.

మా వెనక గల్లీలో ఒక టీచరమ్మగారు ఉండేవారు. ఆమెకు ఒక పాత లేడీస్ సైకిల్ ఉండేది. మోకాళ్ళ నొప్పులొచ్చి తొక్కడం మానేశాక దాన్ని అటకెక్కించలేదు, అమ్మలేదు. తాళంచెవి గేటు పక్క కిరాణా కొట్లో మేకుకు తగిలించారు. వాచ్‌మన్ కూతురు ట్యూషన్‌కు తీసుకెళ్ళేది. ఎదురింటి కోడలు రేషన్ షాపుకు తీసుకెళ్ళేది. పంక్చర్ షాపు కుర్రాడు ఎక్కడో బండి ఆగిపోయిందని కబురొస్తే గాలిపంపు కట్టుకుని దాని మీదే పోయేవాడు. ఆమె పైసా తీసుకునేవారు కాదు గానీ కొట్లో తాళంచెవి ఇచ్చేటప్పుడు పేరు చెప్పించుకునేవాళ్ళు. ఒక పండగ రోజుల్లో అది పోయింది. పోలీసు ఫిర్యాదు రాసేలోపే కబురొచ్చింది. రామ్‌నగర్ వైపు ఒక పంక్చర్ షాపులో ఎవరో దాన్ని హ్యాండిల్ మార్చమని దింపి వెళ్ళారు. ఆ షాపతను మన పంక్చర్ కుర్రాడికి తెలిసినవాడు. సైకిల్ని అంతమంది తొక్కారు కాబట్టి అంతమంది వెతికారు. ఒక్కరే వాడే సైకిల్ పోతే ఒక్కరే వెతుకుతారు.

ఇవ్వడానికి పద్ధతి ఉండాలి. ఎవరికిచ్చామో ఒక మనిషికి తెలియాలి, అది కిరాణా కొట్టాయన కావచ్చు, మీ ఇంట్లో పెద్దవాళ్ళు కావచ్చు. పంక్చరైతే తీసుకెళ్ళినవాళ్ళు వేయించాలి. బ్రేకు రబ్బర్లు, ట్యూబూ, టైరూ అరిగితే యజమాని పెట్టుకోవాలి. చీకటి పడేలోపు తిరిగి రావాలి. ఈ నాలుగు మాటలూ మొదటిరోజే చెప్పేయండి, తర్వాత చెబితే అవమానంగా ఉంటుంది.

పాడుచేసి తెస్తారు కదా అంటారు. తెస్తారు. పెడల్ వంగుతుంది, బెల్ ఊడుతుంది. ఆ ఖర్చును సైకిల్ ఖర్చులో భాగంగా లెక్కేయండి. సెల్లార్‌లో ఎవరూ తొక్కకుండా గాలి దిగిపోయి తుప్పు పట్టే సైకిళ్ళ నష్టం అంతకన్నా ఎక్కువ. ఏ అపార్ట్‌మెంట్‌కైనా వెళ్ళి చూడండి. పిల్లలు కాలేజీలకెళ్ళిపోయాక వదిలేసిన సైకిళ్ళు దుమ్ము కింద వరసగా నిలబడి ఉంటాయి. బయటి గోడకవతల తండ్రి సైకిల్ని అడ్డతొక్కుడు తొక్కడం నేర్చుకుంటున్న పిల్లాడు ఉంటాడు.

ఆ పిల్లాడి గురించే ఇంకో మాట. గల్లీల్లో మాయమయ్యే చిన్న సైకిళ్ళన్నీ అమ్ముకోవడానికి పోవు. కొన్ని తొక్కాలనే కోరికతో పోతాయి. రెండు వీధులవతల ఖాళీ స్థలంలో దొరుకుతాయి. అడిగితే దొరికే సైకిల్ ఒకటి గల్లీలో ఉంటే, ఆ కోరిక దొంగతనం దాకా వెళ్ళదు. ఇది దయ గురించి చెబుతున్న మాట కాదు, మీ సైకిల్ నిలబడటానికి చెబుతున్న మాట.

కెమెరా కన్నా ముందు ఒక బెంచీ వేయించండి

హైదరాబాద్‌లో కెమెరాలు చాలా ఉన్నాయి. 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం వందమందికి పైగా గుమిగూడే దుకాణాలు, హాళ్ళు, సంస్థల్లో కెమెరాలు తప్పనిసరి చేసింది. ‘నేను సైతం’ పేరుతో పోలీసులు కాలనీల వాళ్ళ చేత చందాలతో కెమెరాలు పెట్టించారు. పెద్ద నేరాల్లో అవి పోలీసులకు ఉపయోగపడుతున్నాయి, కాదనను. సైకిల్ విషయంలో కెమెరా చూపించేది ఒక టోపీ, ఒక వీపు. గుర్తుపట్టే మనిషి లేకపోతే ఆ బొమ్మ దేనికీ పనికిరాదు. పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కిపోతూ ఉంటుంది కూడా, కాబట్టి సైకిల్ పోయిన రోజే అడిగి తీయించి దాచుకోవాలి.

గేటు ముందు వేసిన సిమెంటు బెంచీ మీద సాయంత్రాలు ముగ్గురు కూర్చుంటే వాళ్ళు కొత్త ముఖాన్ని చూసి “ఎవరింటికి బాబూ?” అని అడుగుతారు. కెమెరా అడగదు. పాత ఇళ్ళకు అరుగులుండేవి. అపార్ట్‌మెంట్లు కట్టాక అరుగుల చోట ర్యాంపులు వచ్చాయి. ఇంత బెంచీకి చోటు ఇప్పటికీ ఉంటుంది.

ఒక విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను. కెమెరాలో దొరికిన బొమ్మను “వీడే దొంగ, పట్టుకోండి” అని వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఆ బొమ్మలోని మనిషి తన సైకిల్ తనే తోసుకుపోతున్న కూలీ కావచ్చు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళంటూ తిరిగిన పుకార్లను నమ్మి 2018 మే నెలలో మన నగరంలోనే, చాంద్రాయణగుట్ట దగ్గర, ఒక మనిషిని గుంపు కొట్టి చంపింది. ఫోన్‌లో పంపిన మాటకు ఎంత బలముంటుందో ఆ తర్వాత ఎవరూ అడగక్కర్లేదు. బొమ్మను పోలీసులకివ్వండి. ఇస్త్రీ అతనికి, కిరాణా ఆయనకు చేత్తో చూపించండి. వాళ్ళు మనిషిని చూసి మాట్లాడతారు.

దొంగ దొరికినా అంతే. కట్టేయొద్దు, కొట్టొద్దు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలైతే చట్టమే వేరు. 2015 బాల న్యాయ చట్టం, దాని కింద వచ్చిన 2016 నిబంధనల ప్రకారం ఇలాంటి చిన్న నేరాల్లో పిల్లల మీద ఎఫ్ఐఆర్ పెట్టకూడదు, స్టేషన్ జనరల్ డైరీలో రాయాలి. పిల్లల సంక్షేమం చూసే అధికారి ప్రతి స్టేషన్‌లో ఉండాలి. ఆ అధికారి కావాలని అడగండి.

పోతే ముందు పంక్చర్ షాపుకు, తర్వాత స్టేషన్‌కు. రెండూ తప్పనిసరి

ఎత్తుకుపోయిన సైకిల్ చాలాసార్లు దూరం పోదు. గాలి కొట్టించాలి, తాళం తీయించాలి, రూపం మార్చాలి. ఇవన్నీ జరిగేది పంక్చర్ షాపుల్లో. లేదా తూకానికి పోవాలి. పాత భారీ సైకిల్ ఇరవై కిలోల దాకా ఉంటుంది, ఇనప సామాను కొనే కొట్లో దానికి కొన్ని వందలొస్తాయి. కాబట్టి మొదటి గంటలోనే చుట్టుపక్కల పంక్చర్ షాపులకూ, పాత ఇనుము కొట్లకూ వెళ్ళండి. నిలదీస్తున్నట్టు వెళ్ళకండి. “భాయ్, నీలం రంగు సైకిల్, మధ్య గొట్టం మీద మా ఇంటిపేరుంటుంది, వస్తే చెప్పవా” అని ఫోన్ నంబరిచ్చి రండి. రంగు వేయించారా లేదా అన్నది ఇక్కడ తేలుతుంది. “నల్ల సైకిల్” అని చెబితే ఎవరు గుర్తుపట్టగలరు?

తర్వాత పోలీసు ఫిర్యాదు. సైకిల్‌కు కూడా ఫిర్యాదేమిటి, వాళ్ళు నవ్వుతారు అని చాలామంది ఊరుకుంటారు. ఊరుకోవద్దు. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ చట్టం మారింది, ఆ మార్పు తగిలేది ఎక్కువగా పేదవాళ్ళకు.

2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అందులో దొంగతనం 303వ సెక్షన్. పోయిన సొత్తు విలువ అయిదు వేల రూపాయల లోపయి, దోషికి అది తొలి నేరమయి, సొత్తునో దాని విలువనో తిరిగిచ్చేస్తే శిక్ష సమాజ సేవ. దీన్ని నేను తప్పుపట్టను. ఆకలికో ఆశకో ఒక సైకిల్ ఎత్తినవాణ్ణి జైల్లో పెట్టడం వల్ల ఎవరికీ మేలు లేదు. ఇబ్బంది మరోచోట ఉంది. అయిదు వేల లోపు దొంగతనాన్ని నాన్ కాగ్నిజబుల్ నేరంగా పెట్టారు. అంటే మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. ఫిర్యాదు పుస్తకంలో రాసుకుని, మిమ్మల్ని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళమంటారు.

ఎవరి సైకిల్ అయిదు వేల లోపు ఉంటుంది? గేర్ల సైకిల్ కొనుక్కున్నవాడిది కాదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత సైకిల్ మీద పేపర్లు వేసే కుర్రాడిది, డబ్బా కట్టుకుని చాయ్ అమ్మే అతనిది, రాత్రి షిఫ్టుకు పోయే సెక్యూరిటీ గార్డుది. వాళ్ళకు ఆ సైకిల్ పోతే మర్నాటి కూలీ పోతుంది. చట్టం చూసేది సొత్తు విలువను. మనం చూడాల్సింది దాని మీద ఆధారపడ్డ బతుకును. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో నూటికి దాదాపు 45 కుటుంబాలకు సైకిల్ ఉంది. ఇది చిన్న సంగతి ఎలా అవుతుంది?

కాబట్టి ఫిర్యాదు ఇలా రాయండి. బిల్లు ఉంటే జతచేయండి. క్యారియర్, బుట్ట, డబ్బా, లైటు, తర్వాత మార్పించిన టైర్లు, అన్నీ కలిపి నిజమైన విలువ రాయండి, పెంచి రాయొద్దు, తగ్గించీ రాయొద్దు. ఎక్కడ నుంచి పోయిందో స్పష్టంగా రాయండి. మనుషులు నివసించే భవనంలో జరిగిన దొంగతనం 305వ సెక్షన్ కిందికి వస్తుంది. దానికి అయిదు వేల లెక్క లేదు, ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. మీ సెల్లార్‌లోంచి పోయి ఉంటే, అది మీరుండే భవనంలో భాగమేనని ఒక వాక్యం రాయండి. “రోడ్డు దగ్గర నుంచి” అని తేలిగ్గా రాసేస్తే ఆ వ్యత్యాసం పోతుంది.

కాగ్నిజబుల్ నేరమైతే ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని నేర విచారణ పద్ధతులకు సంబంధించిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్‌లో చెబుతోంది. ఆన్‌లైన్‌లో పంపినా మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెడితే చాలు. కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు తీసుకోకపోతే పై అధికారికి పోస్టులో పంపొచ్చు. పేపర్ కుర్రాడు ఒక్కడే స్టేషన్ మెట్లెక్కడానికి భయపడతాడు. ఆ ఫిర్యాదు మీరు రాసిపెట్టండి, పక్కన వెళ్ళి నిలబడండి. నేను ఈ గల్లీలో చూసిన మంచి పనుల్లో అదొకటి.

వాచ్‌మన్ సైకిల్

సైకిల్ పోగానే మనం ముందు వాచ్‌మన్‌ను అంటాం. ఆయన పొద్దున మోటార్ వేస్తాడు, కార్లు తుడుస్తాడు, గ్యాస్ సిలిండర్ మోస్తాడు, పై ఫ్లాట్ వాళ్ళ కొరియర్ తీసుకుంటాడు. ఇన్ని పనులు అప్పజెప్పి గేటు దగ్గర లేవేమని అడగడం న్యాయం కాదు. జీతంలో కోస్తామని బెదిరించే సంఘాలున్నాయి. అలా బెదిరిస్తే ఆయన ఇక ఏం చూసినా చెప్పడు. ఆయన సైకిల్ పోతే మీటింగు పెట్టని మనం, మన సైకిల్ పోతే ఆయన్ని దోషిని చేయకూడదు.

చవగ్గా వచ్చిందని కొనకండి

పోయిన వెంటనే ఇంకోటి కొనడానికి తొందరపడకండి. కొన్నాళ్ళు గల్లీలో ఎవరిదైనా అడిగి తొక్కండి. ఆలోగా పాతది దొరకవచ్చు. కొనేటప్పుడు జుమేరాత్ బజార్‌కో ఎర్రగడ్డ ఆదివారం సంతకో వెళ్ళండి, తప్పులేదు. అక్కడ పాత సామాను అమ్మేవాళ్ళు కష్టం మీద బతికేవాళ్ళు, అందరినీ దొంగసొత్తు వ్యాపారులుగా చూడొద్దు. కానీ ఎవరైనా రోడ్డు మీద ఆపి, ఉన్న ధరలో పావు వంతుకు సైకిల్ ఇస్తానంటే తీసుకోకండి. దొంగసొత్తని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. ఫ్రేము నంబరు గీకేసి ఉంటే వదిలేయండి. అమ్మినవాళ్ళ పేరూ ఫోన్ నంబరూ ఒక కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి. నిజాయితీగా అమ్మేవాళ్ళు కాదనరు.

ఈ సాయంత్రం ఒకసారి సెల్లార్‌లోకి దిగి మూడు సంగతులు చూడండి. గాలి దిగిపోయి ఎవరూ తొక్కని సైకిళ్ళు ఎన్ని ఉన్నాయో చూడండి. వాచ్‌మన్ తన సైకిల్ని ఎక్కడ పెట్టుకుంటున్నాడో చూడండి. గోడకు రెండు ఇనప కొక్కేలు బిగించడానికి చోటుందో లేదో చూడండి. వచ్చే మీటింగులో ఆ కొక్కేల కోసం, గేటు ముందు ఒక బెంచీ కోసం, వదిలేసిన సైకిళ్ళలో ఒకదాన్ని బాగుచేయించి దాని తాళంచెవి కిరాణా కొట్లో పెట్టడం కోసం మీరే మొదట చెయ్యెత్తండి.